తీగ ఊళ్లోకొచ్చింది, వాడలోకెప్పుడు?

ఇంటర్‌నెట్టు వస్తోంది, ఇదిగో వచ్చేస్తోంది, వచ్చేసినట్టే! ఈ మాట మనం 2011 నుంచి వింటున్నాం. ఆ ఏడాది అక్టోబరు 25న కేంద్ర మంత్రివర్గం దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ తీగ వేయాలని తీర్మానించింది. ఆ ఏడు ఒకటో తరగతిలో పలక పట్టిన పిల్లలు ఇవాళ డిగ్రీ వయసుకొచ్చారు. ఈలోగా పాఠం ఫోనులోకి పోయింది. పరీక్ష దరఖాస్తు ఫోనులోకి పోయింది. రేషను వేలిముద్ర, కూలి హాజరు, కుల సర్టిఫికెట్టు, పంట నమోదు అన్నీ తీగలోకి పోయాయి. ఆ తీగ మాత్రం మన వాడలోకి రాలేదు.

అన్నలారా, అక్కలారా! బతుకుని తీగలోకి ఎక్కించి, తీగని మన గడప అవతల ఆపేస్తే దాన్నేమనాలి? వెనకబాటు అందామా? ఆలస్యం అందామా? ఊళ్లోకొచ్చిన ప్రతి సౌకర్యమూ వాడ దగ్గర కాళ్లు విరిగినట్టు ఎందుకు ఆగిపోతుందో మనకు తెలుసు. బావి ఆగింది. రోడ్డు ఆగింది. కరెంటు స్తంభం ఆగింది. ఇప్పుడు ఫైబర్ తీగ ఆగింది. వస్తువు మారిందిగానీ ఆగే చోటు మారలేదు.

నూజివీడు మామిడి నీడన

మన నూజివీడు ప్రాంతం సంగతే చూద్దాం. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట - ఎటు చూసినా మామిడి తోటలే. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు. ఇక్కడి కాయ లారీ ఎక్కి ఢిల్లీ దాకా పోతుంది. ఎండాకాలం వచ్చిందంటే నున్న మార్కెట్టులో ఏ పూట ఏ రకం టన్ను ఎంత పలికిందో తోట ఆసామికి, పెద్ద గుత్తదారుకి, కమీషను వ్యాపారికి ఎక్కడ కూచున్నా ఫోనులో తెలుస్తుంది. చెట్టెక్కి చిక్కం కర్రతో కాయ దించే కూలీకి తెలియదు. రాత్రంతా దోమల్లో తోట కాపలా కాసే మనిషికి తెలియదు. అప్పు చేసి రెండెకరాల తోట గుత్తకు పట్టిన మన పల్లె మనిషి, కాటా దగ్గర తరుగు ఎంత తీశారో, ఆ తరుగు న్యాయమేనో అడగడానికి పక్క ఊరి ధర కూడా చేతిలో లేకుండా నిలబడతాడు. కాయ కోసే చేతులు మనవి, ధర తెలిసే చెవులు వాళ్లవి.

2016 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ 125వ జయంతి నాడు, కేంద్ర ప్రభుత్వం దేశమంతటి వ్యవసాయ మార్కెట్లను ఒక్క తెర మీదికి తెస్తామని ఈ-నామ్ మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబరు 30న డబ్బులు పంపుకునే యాప్ ఒకటి తెచ్చి దానికి భీమ్ అని పేరు పెట్టారు. పేర్లు మనవి, తారీఖులు మనవి. పటం కట్టడానికి బాబాసాహెబ్ కావాలి, తీగ వేయడానికి ఆయన వాడ అక్కర్లేదు! ఆయన పేరు పెట్టిన యాప్ ఆయన మనుషుల ఇళ్లలో గిర్రున తిరుగుతూ తెరుచుకోకపోతే ఆ పేరుకి ఏం గౌరవం చేసినట్టు?

నూజివీడు పక్కనే 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెటూళ్లలో, సర్కారు బళ్లలో పది పాసైన పిల్లల కోసమని పెట్టిన చదువు. చేరిన పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పే పద్ధతి అక్కడ మొదలైంది. మన పల్లెల పిల్లలు కూడా అందులో చదివి ఉద్యోగాలకు పోయారు. ఇది గెలుపే, కాదనం. కానీ అందులో సీటుకి దరఖాస్తు పెట్టేది ఆన్‌లైనులో. సీటొచ్చిన పిల్ల సెలవులకు ఇంటికొస్తే, వాడలో తీగ లేకపోతే, ల్యాప్‌టాప్ మూతేసి గూట్లో పెట్టుకోవాల్సిందే. సీటు రాని పిల్లకు ఆ గూడు కూడా లేదు.

వాయిదాల జాబితా

మన పెద్దలకు వాయిదాలు కొత్త కాదు. 1994లో తెచ్చిన టెలికాం విధానం 1997కల్లా దేశంలో ప్రతి గ్రామానికీ ఫోను అన్నది. 1997 వచ్చింది, పోయింది. 1999లో మరో విధానం రాసి, మిగిలిన గ్రామాలకు 2002కల్లా అన్నారు. ఆ కాలంలో ఊళ్లో ఫోను అంటే ఎవరింట్లో ఉండేదో గుర్తుంది కదా! చావు కబురు రావాలన్నా, ఆస్పత్రికి కబురు చెయ్యాలన్నా ఆ ఇంటి అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడాలి. ఫోను ఊరిది, అరుగు దొరది.

2011 నాటి పథకానికి 2015లో భారత్‌నెట్ అని కొత్త పేరు పెట్టారు. పేరు మారింది, గడువు జరిగింది. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి ప్రధానమంత్రి వెయ్యి రోజుల్లో ఆరు లక్షల గ్రామాలకు ఫైబర్ అన్నారు. ఆ వెయ్యి రోజులు 2023 మే నెలలో నిండాయి. నిండిన మూడు నెలలకు, 2023 ఆగస్టు 4న, అదే పనికి మళ్లీ 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన పథకం ఒప్పుకున్నారు. లక్షా ముప్ఫై తొమ్మిది వేల కోట్లు! ఇందులో మాలపల్లెకు ఎంత, మాదిగ గూడేనికి ఎంత, తండాకు ఎంత అని అడిగితే లెక్క చెప్పే కాలమ్ ఏ కాగితంలోనూ కనిపించదు.

రాష్ట్రం సంగతి ఇంకో కథ. 2015లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ పెట్టారు. 2016 డిసెంబరు చివర గోదావరి జిల్లాలోని మోరి గ్రామాన్ని డిజిటల్ గ్రామమని చూపించారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా రాష్ట్రమంతటికీ ప్రారంభం చేయించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్‌నెట్టు మూడూ ఇస్తామన్నారు. మాట మంచిదే. తర్వాత ప్రభుత్వాలు మారాయి. 2021లో టెండర్ల మీద కేసులు పెట్టారు. అవి కోర్టుల సంగతి. మన సంగతి వేరు. 149 రూపాయల మాట వినడమే గానీ ఆ తీగ ముఖం చూడని ఇళ్లు ఏ కులాల వాడల్లో ఎక్కువ? ఆ ప్రశ్న అప్పటి ప్రభుత్వమూ వేసుకోలేదు, తర్వాతి ప్రభుత్వమూ వేసుకోలేదు.

తీగ ఎక్కడ ఆగుతుంది?

ఇది అర్థం చేసుకోవాలంటే తీగ నడిచే దారి తెలియాలి. పెద్ద తీగ పట్టణం నుంచి మండలానికి, మండలం నుంచి పంచాయతీ ఆఫీసుకి వస్తుంది. అక్కడ ఒక పెట్టె పెడతారు. పెట్టె వెలిగిందంటే ఆ పంచాయతీ అయిపోయినట్టే లెక్క. పంచాయతీ ఆఫీసు ఎక్కడుంటుంది? ఊళ్లో. పెట్టె నుంచి ఇంటికి తీగ లాగడం సర్కారు పని కాదంటారు. అది కేబుల్ టీవీ నడిపే మనిషి చూసుకుంటాడు. మన రాష్ట్రంలో ఫైబర్ తీగని భూమిలో పాతలేదు, ఖర్చు తగ్గుతుందని ఎక్కువ చోట్ల కరెంటు స్తంభాల మీదే వేలాడదీశారు. నూజివీడు తోటల్లో వేసవి గాలివానకు కొమ్మ విరిగి పడితే తీగ తెగుతుంది. తెగిన తీగ ఎవరి వీధిలో ముందు అతుకుతారు? పది ఇళ్లు బిల్లు కట్టే వీధిలోనా, రెండిళ్లు కట్టే గూడెంలోనా?

కేబుల్ మనిషిని తిట్టి లాభం లేదు. అతనిది వ్యాపారం. కిలోమీటరు తీగ లాగితే ఎన్ని కనెక్షన్లు వస్తాయని చూస్తాడు. ఊళ్లో ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, చేతిలో డబ్బాడుతుంది. వాడ ఊరికి దూరంగా ఉంటుంది. ఎవరు పెట్టారు దాన్ని దూరంగా? మనమా? వెయ్యేళ్ల కిందట అంటరానితనం వేసిన కొలతని ఇవాళ మార్కెట్టు అడుగుతోంది - "మీ వాడ ఊరికి దూరం కదా, తీగ ఖర్చెక్కువ కదా" అని! కులం దూరం పెట్టింది, వ్యాపారం ఆ దూరానికి రేటు కట్టింది. ఇద్దరి లెక్కా ఒకటే అయ్యింది.

అందుకే దీన్ని వ్యాపారానికి వదలకూడదంటున్నాం. వదలాల్సిన అవసరం కూడా లేదు. పల్లెలకు ఫోను, నెట్టు అందించడానికని 2002లోనే కేంద్రం ఒక నిధి పెట్టింది. ఫోను కంపెనీల ఆదాయంలో వందకి ఐదు రూపాయలు అందులోకి పోయే ఏర్పాటు చేసింది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. కంపెనీల ఆదాయమంటే ఏంటి? కూలి డబ్బుల్లోంచి మనం చేయించుకునే రీచార్జే కదా! తోటలో రోజంతా కాయ మోసి మనం చేయించుకున్న రీచార్జ్ డబ్బే ఆ నిధిలో ఉంది. కాబట్టి వాడకు తీగ అడగడం దయ అడగడం కాదు. కట్టిన డబ్బుకి లెక్క అడగడం.

లెక్కలో మాయ

ఇక అసలు కిటుకు దగ్గరికొద్దాం. ఏ గ్రామానికి నెట్టు వచ్చినట్టు? ఈ నిర్వచనంలోనే మనం మాయమైపోతున్నాం.

కరెంటు చరిత్ర చూడండి. 1997 దాకా ఊరి పొలిమేరలో ఎక్కడ ఒక్క మోటారు కరెంటు మీద తిరిగినా ఆ గ్రామానికి కరెంటు వచ్చినట్టే రాసుకునేవాళ్లు. ఆసామి చేలో మోటారు తిరిగితే మన గుడిసెలో దీపం వెలిగినట్టు లెక్క! 1997లో జనం ఉండే చోట కరెంటు వాడాలని మార్చారు. 2004లో ఇంకోసారి మార్చారు. ఈసారి మూడు షరతులు పెట్టారు. జనం ఉండే చోటే కాదు, దళితవాడ ఉంటే దళితవాడలో కూడా లైన్లు, ట్రాన్స్‌ఫార్మరు ఏర్పాటు ఉండాలి. బడి, పంచాయతీ ఆఫీసు, ఆస్పత్రి లాంటి చోట్లకు కరెంటు ఉండాలి. కనీసం వందకి పది ఇళ్లకు కరెంటు ఉండాలి. వందకి పది ఇళ్లంటే చాలా తక్కువే, దానిమీద మన పోరాటం వేరే. కానీ ఆ మొదటి షరతు చూడండి. దళితవాడ అన్న మాట సర్కారు నిర్వచనంలోకి ఎక్కింది! వాడకి లైను పోకపోతే ఊరికి కరెంటు వచ్చినట్టు రాయడానికి వీల్లేదన్నమాట.

మరి కరెంటుకి రాసిన మాట ఫైబరుకి ఎందుకు రాయరు? కరెంటు తీగ వేలాడే స్తంభం మీదే ఫైబర్ తీగ కూడా వేలాడుతోంది కదా! స్తంభం ఒకటే, రెండు తీగలకు రెండు న్యాయాలా? పంచాయతీ ఆఫీసులో పెట్టె వెలగ్గానే పని పూర్తయ్యిందని ఢిల్లీకి రాసే పద్ధతి పోవాలి. వాడలో, గూడెంలో, తండాలో ఇళ్ల దాకా తీగ చేరి నడుస్తుంటేనే ఆ గ్రామానికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చినట్టు లెక్క రాయాలి. మన మొదటి డిమాండు ఇదే. మిగతావన్నీ దీని వెనక వస్తాయి.

"ఫోనులో నెట్టుంది కదా!"

ఈ మాట మనకు చాలామంది చెప్తారు. ప్రతి ఒక్కళ్ల చేతిలో ఫోనుంది కదా, ఇంకా తీగెందుకంట? దీనికి నాలుగు జవాబులున్నాయి.

ఒకటి, ఖర్చు. 2024 జులై 3 నుంచి పెద్ద కంపెనీలు రేట్లు పెంచాయి. రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో 28 రోజుల ప్యాకు 239 నుంచి 299 రూపాయలైంది. ఇంట్లో మూడు ఫోన్లుంటే నెలకు తొమ్మిది వందలు. సీజను కాని రోజుల్లో పని దొరక్కపోతే ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్క ఫోనుకే రీచార్జ్ అవుతుంది. తీగ ఒకటుంటే ఇంట్లో అందరికీ ఒకే బిల్లు.

రెండు, ఆ ఒక్క ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్‌నెట్టు వాడిన మగవాళ్లు వందకి 49 మంది, ఆడవాళ్లు వందకి 21 మంది. మగాడు ఫోను జేబులో పెట్టుకుని పనికి పోతే ఆడపిల్ల పాఠం కూడా ఆ జేబులోనే పోతుంది. ఈ లెక్క మన వాడల్లో మగవాళ్లు కూడా చదువుకోవాల్సిందే. ఊరు మనకు చేసేది తప్పయితే, మనం ఇంట్లో ఆడపిల్లకు చేసేదీ తప్పే.

మూడు, సిగ్నలు. టవరు జనం ఎక్కువున్న చోట పెడతారు. తోటల మధ్య, గుట్టల వెనక, చెరువు అవతల ఉన్న పల్లెకు అరకొర సిగ్నలే గతి. మాటకు సరిపోయే సిగ్నలు పాఠానికి సరిపోదు. పరీక్ష ఫీజు కట్టే ఆఖరి రోజు రాత్రి తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోతే ఆ పిల్లాడి సంవత్సరం పోతుంది.

నాలుగు, కరోనా కాలం. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వేలోనే గ్రామాల్లో ఇంటర్‌నెట్టు వసతి ఉన్న ఇళ్లు వందకి పదిహేను దాటలేదని తేలింది. అది తెలిసి కూడా 2020లో బళ్లు మూసి పాఠాలు ఆన్‌లైనులో పెట్టారు. ఆ ఏడు జూన్ 1న, క్లాసులు మొదలైన మొదటి రోజే, కేరళలోని మలప్పురం జిల్లాలో ఒక దళిత కూలీ కూతురు ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైంది, ఫోను లేదు. చదువులో ముందుండే పిల్ల. అక్షరాస్యతలో ముందున్న కేరళలోనే ఇట్లా జరిగింది. తీగ లేకపోవడమంటే సినిమా చూడలేకపోవడం కాదు. పిల్ల ముందు తలుపు మూసేయడం.

హాజరు తీగ మీద, ఆకలి కింద

తీగ రాకముందే తీగ మీద ఆధారపడే రూల్సు వచ్చేశాయి. 2015 నుంచి మన రాష్ట్రంలో రేషను షాపులో వేలిముద్ర యంత్రం పెట్టారు. తోట పనిలో వేళ్లు అరిగి, మామిడి సొన తగిలి చర్మం కాలిన ముసలమ్మ వేలిని యంత్రం గుర్తు పట్టకపోతే, సర్వరు పనిచేయకపోతే, "రేపు రామ్మా" అంటారు. రేపు పని మానుకుని రావాలి. ఒక పూట కూలి పోతుంది.

ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి మేటు ఫోనులో రోజుకు రెండుసార్లు ఫోటో దిగితేనే హాజరు అన్నారు. ఫోటో ఎక్కకపోతే పొద్దుటినుంచి తవ్విన మట్టికి లెక్కలేదు. దీనిమీద కూలీలు 2023 ఫిబ్రవరి నుంచి ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర వంద రోజుల ధర్నాకి కూచున్నారు. 2025 డిసెంబరులో ఆ ఉపాధి హామీ చట్టం స్థానంలో వేరే చట్టమే చేశారు. చట్టం పేరు మారింది గానీ, కూలీ మీద నమ్మకం లేని చూపు మారలేదు.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు అన్నది. ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పితే అంతకన్నా ఏం కావాలి? బంట్రోతు మొహం చూడకుండా కుల సర్టిఫికెట్టు చేతికొస్తే మనకే ఎక్కువ మేలు. నూజివీడు 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి పోయింది. జిల్లా ఆఫీసు మారితే పాత కాగితం కోసం బస్సు ఖర్చు ఎంతో తిరిగినవాళ్లకు తెలుసు. కాబట్టి సేవలు ఫోనులోకి రావడం మీద మనకు పేచీ లేదు. ఫోనులో మాత్రమే రావడం మీద పేచీ. తీగ లేని చోట కాగితం దారి మూసేస్తే, గుడి తలుపు మూసినట్టే కదా!

న్యాయస్థానాలు కూడా ఈ మాట అన్నాయి. ఇంటర్‌నెట్టు వాడుకోవడం చదువు హక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు ఒక విద్యార్థిని కేసులో చెప్పింది. నెట్టు మీద మాట్లాడే స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ ఉందని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. డిజిటల్ సేవలు అందడం బతికే హక్కులో, అంటే 21వ అధికరణంలో భాగమని 2025 ఏప్రిల్ 30న అదే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ చివరి కేసు కళ్లు కనపడనివాళ్లు, యాసిడ్ దాడికి గురైనవాళ్లు వేసింది. తీర్పు చదివితే అందులో పల్లెల్లో ఉండే బీదాబిక్కీకి కూడా చోటుంది. తీర్పు ఉంది. తీగ లేదు.

తీర్మానం వేరు, చెరువు వేరు

కాగితం మీద హక్కు ఉంటే నీళ్లు దొరకవని మనకు చెప్పింది మహద్ చెరువు. 1923లో బొంబాయి శాసనమండలి ప్రజల చెరువులు, బావులు అంటరానివాళ్లకూ తెరవాలని తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన చెరువు తెరిచినట్టు తీర్మానం రాసింది. మూడేళ్లు గడిచినా ఒక్క దళితుడు ఆ నీళ్లు ముట్టలేకపోయాడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టినప్పుడు గాని ఆ తీర్మానానికి ప్రాణం రాలేదు. ఆ తర్వాత కూడా కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. పంచాయతీ ఆఫీసులో వెలుగుతున్న పెట్టె 1924 నాటి మహద్ తీర్మానం లాంటిది. అది ఉంది. మనది కాలేదు.

బాబాసాహెబ్ 1943లో వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు కరెంటు గురించి ఇదే రకం ప్రశ్నలు లేవదీశారు. కరెంటు చవగ్గా దొరకాలా వద్దా, పుష్కలంగా ఉండాలా వద్దా, అది ప్రైవేటు చేతుల్లో ఉండాలా ప్రభుత్వం చేతిలో ఉండాలా అని. బీదవాడి వెన్ను విరిచే చాకిరీ తగ్గాలంటే యంత్రం కావాలి, యంత్రానికి కరెంటు కావాలి అన్నది ఆయన ఆలోచన. పాతకాలం పల్లెని పొగిడేవాళ్లతో ఆయన ఎన్నడూ గొంతు కలపలేదు. మనకు కొత్త విద్య అక్కర్లేదు, మగ్గమూ నాగలీ చాలు అనేవాళ్లు ఎప్పుడూ మన మేలు కోరేవాళ్లు కాదు.

మాట చేరవేసే సాధనం మన చేతిలో ఉండటం ఎంత ముఖ్యమో కూడా ఆయనకు తెలుసు. 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ పత్రిక పెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా తిలక్ ‘కేసరి’ పత్రిక దాని ప్రకటన వేయలేదు. ఇవాళ ఏ ఊళ్లో దాడి జరిగినా మొదట బయటికొచ్చేది ఎవరో ఒక పిల్లాడు ఫోనులో తీసిన వీడియోనే. 1985 జులై 17న కారంచేడు జరిగినప్పుడు, 1991 ఆగస్టు 6న చుండూరు జరిగినప్పుడు మన జనం చేల గట్లెంట పరుగెత్తి పోయి కబురు చెప్పాల్సి వచ్చింది. తీగ ఉంటే హత్యలు ఆగుతాయని చెప్పం. దాచడం మాత్రం కష్టమవుతుంది.

తీగతోనే విముక్తి రాదు. ఆ భ్రమ వద్దు. తీగ మీద కులం కూడా వస్తుంది. వాట్సాపులో కులం పేరుతో తిట్టేవాళ్లు, మన ఆడపిల్లల ఫోటోలు పెట్టి వేధించేవాళ్లు ఉన్నారు. ఆన్‌లైనులో చేసిన కుల దూషణకు కూడా అట్రాసిటీ చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. ఈ సంగతి ప్రతి వాడలో చెప్పాలి. భూమి అడగడం మానేసి తీగ అడగమని కూడా మనం అనట్లేదు. "భూమి లేదు, కూలి లేదు, ఇంటర్‌నెట్టు ఎందుకు?" అని మన కార్యకర్తలే కొందరు అడుగుతున్నారు. భూమి రికార్డు ఇప్పుడు ఎక్కడుంది? ఆన్‌లైనులో. కౌలు కార్డు, పంట నమోదు ఎక్కడున్నాయి? ఆన్‌లైనులో. భూమి కోసం కొట్లాడాలన్నా ఆ కాగితం మన తెర మీద కనపడాలి.

వేరే చోట్ల ఏం చేశారు?

ఫిన్లాండ్ దేశం 2010 జులై 1 నుంచి బ్రాడ్‌బ్యాండ్‌ను చట్టబద్ధమైన హక్కు చేసింది. ఎంత మారుమూల ఇల్లయినా కంపెనీ ఇవ్వాల్సిందే. కేరళ ప్రభుత్వం 2023 జూన్ 5న సొంత ఫైబర్ వ్యవస్థ ప్రారంభించి, మొదటి విడతలో 14,000 బీద కుటుంబాలకు ఉచితమన్నది. ఇరవై లక్షల కుటుంబాల లక్ష్యం ముందు అది చిన్న అడుగే. కానీ బీద ఇంటికి ఉచితంగా ఇవ్వాలన్న మాట ఒక ప్రభుత్వం నోటినుంచి వచ్చింది. ఇంగ్లండులోని లాంకషైర్ పల్లెల రైతులు కంపెనీలు రాకపోతే 2011లో తామే సంఘం పెట్టుకుని, తమ పొలాల్లోంచి తామే కందకం తవ్వుకుని తీగ వేసుకున్నారు.

ఆ లాంకషైర్ కథ విని మన దగ్గర కూడా ‘స్వయం కృషి’ పాఠాలు చెప్తారు. వాళ్లకు పొలముంది, తవ్వుకున్నారు. మనకు తవ్వడానికి చేతులున్నాయి గాని తవ్వడానికి భూమి ఎవరిది? ఈ దేశంలో రోడ్ల పక్కన కేబుల్ కందకాలు తవ్వింది ఎవరు? మన కూలీలే కదా! గునపం పట్టింది మనం. తీగ పోయింది వేరే ఇళ్లకు.

మన డిమాండ్లు

1. దళితవాడ, గిరిజన తండా, గూడెంలో ఇళ్ల దాకా తీగ చేరి నడిస్తేనే గ్రామానికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చినట్టు లెక్క రాయాలి. 2004లో కరెంటుకి చేసిన నిర్వచనాన్ని ఫైబరుకీ చేయాలి.

2. పంచాయతీ పెట్టె నుంచి వాడ దాకా తీగ లాగే ఖర్చు డిజిటల్ భారత్ నిధి భరించాలి. కేబుల్ వ్యాపారి లాభనష్టాలకు వదలకూడదు.

3. 2013లో మన పోరాటంతో వచ్చిన ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టాన్ని 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఆ నిధులు దారి మళ్లించకుండా, వాడలోని అంబేద్కర్ భవనంలోనో, బడిలోనో, అంగన్‌వాడీలోనో అందరూ వాడుకునే ఉచిత కనెక్షను, కంప్యూటర్లు పెట్టాలి. దాని తాళం ఆడవాళ్ల పొదుపు సంఘం చేతిలో ఉండాలి.

4. తీగ సరిగా పనిచేసేదాకా రేషను, పెన్షను, పని హాజరు, సర్టిఫికెట్టు దేనికీ కాగితం దారి మూయకూడదు. సర్వరు పోతే కూలి పోకూడదు.

5. గాలివానకు తెగిన తీగ ఎన్ని రోజుల్లో అతకాలో గడువు రాసి పంచాయతీ గోడ మీద పెట్టాలి. వాడకొక గడువు, ఊరికొక గడువు ఉండకూడదు.

ఏం చేద్దాం?

డిమాండు రాస్తే సరిపోదు. ప్రతి పల్లెలో పదో తరగతి చదివే పిల్లలు నలుగురు ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఇల్లిల్లూ తిరిగి నాలుగు సంగతులు రాయండి - ఇంట్లో ఫోన్లెన్ని, నెలకు రీచార్జ్ ఎంత, సిగ్నలు ఎక్కడొస్తది, తీగ కావాలని అడిగితే ఎవరేమన్నారు. పంచాయతీ ఆఫీసు నుంచి వాడలో మొదటి ఇంటి దాకా కరెంటు స్తంభాలెన్నో లెక్కపెట్టండి. ఆ స్తంభాల మీద ఫైబర్ తీగ ఏ స్తంభం దగ్గర ఆగిందో గుర్తు పెట్టండి. ఆ స్తంభమే మన సాక్ష్యం.

తర్వాత 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. మా పంచాయతీలో పెట్టె ఏ తేదీన పెట్టారు, ఇప్పటికి ఎన్ని ఇళ్లకు కనెక్షను ఇచ్చారు, అందులో ఎస్సీ కాలనీలో ఎన్ని అని అడగండి. తెల్ల రేషను కార్డున్నవాళ్లు ఫీజు కట్టక్కర్లేదు, కార్డు నకలు జతచేయండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం, మీ నోటుపుస్తకం రెండూ పట్టుకుని గ్రామసభకు పదిమంది కాదు, వాడంతా కదలండి. ఆడవాళ్లు ముందు కూచోండి. తీర్మానం పుస్తకంలో వాడ పేరుతో సహా రాయించి సంతకాలు పెట్టించండి. "తర్వాత చూద్దాంలే" అంటే, ఎప్పుడో తేదీ వేసి రాయమనండి.

సీజనులో చెట్టు కాస్తుందని నూజివీడు కూలీకి తెలుసు. కానీ చెట్టు దానంతటది కాయ దించదు. చిక్కం పట్టుకుని ఎక్కాలి. పదిహేనేళ్లు కింద నిలబడి చూశాం, చాలు.

ఊరికి వచ్చిన తీగ వాడకు రావాల్సిందే!

జై భీమ్!